తోట గోడకు అవతల



మనము ఇల్లు ఊడ్చి, చెత్తను చేటలోనికి ఎత్తి, గోడకు అవతల విసరి, చేతులు కడుగుకొని లోపలికి వచ్చుచున్నాము. ఇల్లు శుభ్రమైనది, అందులో సందేహము లేదు. అయితే ఆ గోడకు అవతల ఏమున్నది? మరియొకని వాకిలి యున్నదా? నడచు బాట యున్నదా? పశువులు నీళ్లు త్రాగు కుంట యున్నదా? "పారవేసితిని" అని చెప్పునప్పుడు ఆ వస్తువు ఈ లోకములోనుండియే వెళ్లిపోయినట్లు తలంచుచున్నాము. అది ఎక్కడికిని వెళ్లలేదు. మన కంటికి కనబడకుండ పోయినది, అంతే. ఒక వస్తువుతో మన పని తీరినంత మాత్రమున దాని విషయమైన మన బాధ్యతయు తీరునా? ఈ నెల మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఇదియే. ఇది నాకు గ్రంథములలో దొరికినది కాదు. ఒక ముసలమ్మ నా గుమ్మము నెదుట నిలిచి అడిగినది.

మా సంఘపు పాత మందిరము బంగాళా పెంకులతో కప్పబడి యుండెను. ఇట్టి పెంకులను మన దక్షిణ దేశములో విస్తారముగా చేయించిన వారిలో బాసెల్ మిషన్ వారు మొదటివారు. 1860ల కాలమందు మంగుళూరులో వారి కార్ఖానా వెలసెను. అందుచేతనే వీటికి మంగుళూరు పెంకులని మరియొక పేరు కలదు. మా మందిరముమీది పెంకులను కోతులు త్రొక్కి, గాలివానలు కొట్టి, సగమునకు పైగా పగిలిపోయెను. వాన వచ్చినప్పుడెల్ల ప్రసంగపీఠముమీద నీళ్లు కారుచుండెను. కాబట్టి స్లాబు వేయుదమని సంఘము తీర్మానించెను. మంచి పెంకులను, గట్టి దూలములను అమ్మి ఆ పైకమును పనికి చేర్చితిమి. పగిలిన పెంకులు, పుచ్చిన వాసములు, పాత గోడల రాళ్లు, సున్నపు పెచ్చులు మిగిలెను. "వీటినేం చెయ్యమంటారయ్యగారూ?" అని మేస్త్రి అడుగగా, "ఎక్కడైనా పోయించు" అంటిని. ఆ మాట అన్నది నేనే. ట్రాక్టరు తోలువాడు ఒక్క పూటలో నాలుగు ట్రక్కులు తోలి, పల్లె చివర మురుగు కాలువ గట్టున దింపి పోయెను.

ప్రతిష్ఠ దినమున సున్నము వేసిన గోడలను, క్రొత్త తలుపులను చూచి అందరము సంతోషించితిమి. తరువాత శ్రావణ మాసపు వానలు వచ్చెను. ఒక ఉదయమున సంఘములోని వృద్ధురాలు, కూలి చేసికొని ఒంటరిగా బ్రదుకు తల్లి, తడిసిన చీరతో వచ్చి నిలిచెను.

"అయ్యగారూ, గుడి కొత్తదైంది, సంతోషమేనండి. పాత గుడి మాత్రం మా గుమ్మం ముందుకొచ్చి పడింది."

"ఎవరు పోశారు మామ్మా?" అని నేనడిగితిని. ఎరిగియుండియు అడిగితిని.

"మీరే పోయమన్నారంటండి," అనెను.

ఆమె వెంట వెళ్లి చూచితిని. గట్టున పోసిన దిబ్బ వానకు జారి కాలువలో పడగా, నీళ్లు పోవు దారి లేక వెనుకకు తిరిగి మూడు ఇండ్లలో చొరబడెను. ఆమె పొయ్యి కరగిపోయెను. రేషను బియ్యపు సంచి అడుగున నానిపోయెను. ఆమె నన్ను నిందింపలేదు. తడి బియ్యమును ఒక గోనెపట్టామీద ఆరబోసికొనుచు, "ఎండ కాస్తే పనికొస్తాయిలెండి," అనెను.

నేను వేదాంత పాఠశాలలో చదువు కాలమందు పాపమును గూర్చి చాల పాఠములు వింటిని. చేసిన పాపము, చేయక విడిచిన పాపము అని వ్రాసికొంటిని. కాని "ఎక్కడైనా" అను చిన్న మాటలో ఒక పాపము దాగియుండునని నాకు తోచలేదు. "ఎక్కడైనా" అనగా నేను నివసింపని చోట అని అర్థము. నేను నివసింపని చోట మరియొకరు నివసించుచున్నారు. సాధారణముగా వారు నాకంటె బీదవారు. ఏ ఊరిలోనైనను చెత్త దిబ్బ ఎవరి ఇండ్ల దగ్గర నున్నదో చూడుడి, నా మాట నిజమో కాదో మీకే తెలియును.

ఆదికాండము రెండవ అధ్యాయములో మనుష్యునికి మొదట అప్పగింపబడిన పని తోట పని. అందులో రెండు భాగములు కలవు. తోటను సాగుచేయుట ఒకటి, దానిని కాపాడుట రెండవది. మొదటిదానిని మనము బాగుగా నేర్చుకొంటిమి, రెండవదానిని మరచితిమి. యోహాను సువార్త ఆరవ అధ్యాయములో ప్రభువు అయిదువేల మందిని తృప్తిపరచిన పిమ్మట మిగిలిన ముక్కలను ఏరించినట్లు చదువుచున్నాము. పన్నెండు గంపలు నిండెను. అయిదు రొట్టెలతో అంత జనమును పోషించిన వానికి ఆ ముక్కలతో ఏమి అక్కర? సమృద్ధి కలిగినదని పారవేయుటకు మనకు సెలవు దొరకదని శిష్యులు నేర్చుకొనవలెనని నాకు తోచుచున్నది.

మన పెద్దల పెరటిని జ్ఞాపకము చేసికొనుడి. అంట్లు తోమిన నీళ్లు అరటి పాదుకు పోవును. పొయ్యిలోని బూడిద కొంత అంట్లకు, కొంత తోటకూర మడికి పోవును. పేడ పెంటకుప్పకు, పెంట చేనికి, చేనిలోని చొప్ప పశువుకు, పశువు పేడ మరల పెంటకుప్పకు. ఏదియు చివరకు చేరదు, అన్నియు తిరిగి వచ్చును. నేటి ఆర్థిక శాస్త్రజ్ఞులు దీనికి వర్తుల ఆర్థిక వ్యవస్థ అని పేరు పెట్టిరి. తీసికొని, వాడి, పారవేయుట అను తిన్నని బాట విడిచి, వాడినదానిని మరల వాడుకలోనికో మట్టిలోనికో త్రిప్పి తెచ్చు విధానమని దాని భావము.

అయితే మన పెద్దలు మనకంటె పరిశుద్ధులని నేను చెప్పను. వారును గోడ అవతలికే విసరిరి. కాని వారు విసరినది విస్తరాకు, కొబ్బరి పీచు, కుండ పెంకు. ఆకును నేల తినివేసెను, పెంకు నేలలో కలిసి ఎవరికిని హాని చేయలేదు. మన చేతి అలవాటు మారలేదు, చేతిలోని వస్తువు మారినది. మా ప్రేమ విందు ముగిసిన సాయంకాలము మందిరపు వెనుక ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు గాలికి ఎగురుచుండగా చాల ఏండ్లు చూచితిని, ఏమియు అనలేదు. 2022 జూలై 1 నుండి అట్టి పళ్లెములను, గ్లాసులను, చెంచాలను మన దేశమున నిషేధించిరి. ప్రభుత్వము నిషేధించిన తరువాత మేము విస్తరాకులకు తిరిగి వచ్చితిమి. సంఘము మొదట చేయవలసినది చట్టము తరువాత చేసెను. ఇది చెప్పుకొనుటకు నాకు సిగ్గుగా నున్నది.

ఆ దిబ్బను తిరిగి తేవలెనని నేను సంఘ పెద్దలతో చెప్పినప్పుడు, "తెచ్చి ఏం చేస్తామండి?" అని వారడిగిరి. మందిరమునకును మా ఇంటికిని నడుమ అయిదు సెంట్ల బీడు కలదు. అక్కడ తోట వేయుదమంటిని. పగిలిన పెంకులతో తోట ఏమిటని కొందరు నవ్విరి. అప్పుడు వారికి చండీగఢ్ సంగతి చెప్పితిని.

పంజాబునకు క్రొత్త రాజధానిగా చండీగఢ్ నగరమును 1950లలో కట్టునప్పుడు, ఆ స్థలమున ముందున్న గ్రామములు కూల్చబడెను. నేక్ చంద్ అను ఆయన అక్కడ రోడ్ల ఇన్‌స్పెక్టరుగా కొలువు చేయుచుండెను. 1947లో దేశము విభజింపబడినప్పుడు తన స్వగ్రామమును విడిచి వచ్చినవాడాయన. కూలిన ఇండ్ల శిథిలములను, పగిలిన గాజులను, పింగాణి ముక్కలను, పాత సైకిలు భాగములను, విద్యుత్తు సామానులను ఏరి, సైకిలుమీద మోసికొనిపోయి, సుఖ్నా చెరువు సమీపమున అడవిలో 1957 ప్రాంతము మొదలుకొని ఒక తోట కట్టెను. పగలు కొలువు, తీరిక వేళల ఈ పని. సుమారు 18 ఏండ్లు అది అధికారులకు తెలియదు. 1975లో తెలిసినప్పుడు పడగొట్టవలెనా అని ఆలోచించిరి. ఎందుకనగా అది ప్రభుత్వపు భూమి, ఆయనకు అనుమతి లేదు. ప్రజలు ఆ తోట పక్షమున నిలువగా, 1976లో దానిని అందరికి తెరచి, ఆయననే దానికి అధికారిగా నియమించి, పనివారిని ఇచ్చిరి. 1984లో ఆయనకు పద్మశ్రీ బిరుదు వచ్చెను. ఆయన 2015లో మరణించెను. రాక్ గార్డెన్ అను పేరుతో ఆ తోటను నేటికిని జనులు చూడవచ్చుచున్నారు.

అనుమతి లేకుండ ప్రభుత్వ భూమిలో కట్టుటను మీకు మాదిరిగా చెప్పను. నేను చెప్పునది ఇది: ఆ నగరము ఎంత అందమైనదో అందరు చూచిరి. ఆ అందము క్రింద ఏమి పగిలినదో ఈయన చూచెను. క్రొత్తది కట్టు ప్రతివాడును పాతది ఎక్కడికి పోయినదని అడుగవలెను. మా మందిర విషయమున నేను ఆ ప్రశ్న అడుగలేదు.

ఇక్కడ ఒక మాట. మా బోధకులకు ఒక బలహీనత కలదు. పగిలిన కుండ కనబడిన వెంటనే, ఇదియే మానవుడు అని ప్రసంగము మొదలుపెట్టుదుము. నేడు నేనట్లు చేయను. పెంకు పెంకే. దానిని దారిలో పోసితిమా, తీసితిమా అనునదే ఇప్పటి ప్రశ్న.

పోయుటకు ఒక పూట పట్టెను, తెచ్చుటకు మూడు దినములు పట్టెను. యౌవనస్థులు కాలువలో దిగి, తట్టలతో ఎత్తిరి. నేనును దిగితిని. కొంత భాగము బురదలో కూరుకొని అక్కడనే నిలిచిపోయెను. నేటికిని నిలిచియున్నది. చేసిన హాని అంతయు వెనుకకు తీయవచ్చునని ఎవరును తలంపకుందురు గాక.

తోట వేసిన విధము మీకును ఉపయోగపడునని వ్రాయుచున్నాను. పగిలిన పెంకులను జేన లోతున నిలువుగా పాతి మళ్లకు అంచులు కట్టితిమి. చిన్న ముక్కలను దిమ్మిసతో కొట్టి నడవబాట వేసితిమి. పాత గోడల రాళ్లతో గట్టు పెట్టితిమి. సున్నపు పెచ్చులను మాత్రము మడిలో కలుపలేదు. మాది నల్లరేగడి, అందులో సున్నపు గుణము ముందే హెచ్చుగా నున్నది గనుక మరింత కలిపిన మొక్కలకు కీడగును. వాటిని బాట క్రింద పరచితిమి. పుచ్చిన వాసములలో గట్టి భాగమును కోసి బీర, చిక్కుడు పాదులకు పందిరి వేసితిమి. మెరుగు పూయని మట్టికుండలను మెడవరకు మడిలో పాతి, నీళ్లు నింపి, మూకుడు మూసితిమి. నేల ఎండుకొలది కుండ చెమర్చి వేళ్లకు నీరు అందించును. ఇది క్రొత్త యుక్తి కాదు, రెండువేల ఏండ్ల క్రిందటి చీనా దేశపు వ్యవసాయ గ్రంథమున కూడ దీని ప్రస్తావన కలదు. మూకుడు మూయనియెడల దోమలు పెరుగును, జ్ఞాపకముంచుకొనుడి. సబ్బు నీటిని అరటికే పోసితిమి, ఆకుకూరలకు పోయలేదు.

పగిలిన సిమెంటు తొట్టిని ఎరువు తొట్టిగా చేసితిమి. ఎండుటాకు ఒక వరుస, వంటింటి తొక్కలును పచ్చి ఆకును ఒక వరుస, పైన పేడనీళ్లు. పిండిన గుడ్డవలె తడిగా నుండవలెను, నీళ్లు కారకూడదు. గాలి తగులునట్లు అప్పుడప్పుడు తిరుగవేయవలెను. లోపల చేయి పెట్టిన వేడి తగులును. ఆ వేడి చల్లారి, మట్టి వాసన వచ్చునప్పుడు ఎరువు సిద్ధమైనదని తెలిసికొనవలెను. ఆల్బర్ట్ హోవర్డు అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1924 మొదలు 1931 వరకు ఇండోరులో పరిశోధన చేసి ఈ పనిని ఒక క్రమపద్ధతికి తెచ్చెను. దానినే ఇండోరు పద్ధతి అందురు. రైతులకు బోధింపవచ్చిన ఆయన రైతుల యొద్దనే నేర్చుకొనెను. నేల యిచ్చినది నేలకు తిరిగి చేరవలెనన్నదే ఆయన బోధకు మూలము. మాకు ఈ పని నేర్పినది ఆ మామ్మయే. తొట్టిలో చేయి పెట్టి, వాసన చూచి, "ఇంకో పది రోజులాగండయ్యగారూ," అనును. నా చదువు అక్కడ పనికిరాలేదు.

ఇక నా రెండవ తప్పును చెప్పవలెను. పాతవాటిని వాడుడని నేను ప్రతి ఆదివారము చెప్పుచుండగా, ఆదివారపు బడి పిల్లవాడొకడు ఒక ప్లాస్టిక్ డబ్బాను సబ్బుతో కడిగి, పై భాగము కోసి, మట్టి నింపి, టమాట నారు పోసి తెచ్చెను. నేను వానిని సంఘము నెదుట నిలువబెట్టి పొగడితిని. ఇంటికి వచ్చిన తరువాత మా ఇంటివారు ఆ డబ్బాను త్రిప్పి చూచి, "ఇదేంటండీ?" అని నాకు చూపించిరి. చెరిగిపోయిన కాగితముమీద మూలమీద నిలిచిన చతురము వంటి గుర్తు, దాని క్రింది సగము ఎరుపు. అది మిరప తోటకు కొట్టిన పురుగుమందు డబ్బా. ఆ ఎరుపు అత్యంత విషమునకు గుర్తు. పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగా తక్కువ విషమునకు గుర్తులు. ఆకుపచ్చయైనను విషమే.

నా ఒడలు గగుర్పొడిచెను. 2013 జూలైలో బీహారు రాష్ట్రమందు సారణ్ జిల్లాలోని ఒక పల్లె బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయిన సంగతి నాకు జ్ఞప్తికి వచ్చెను. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసినట్లు పరీక్షలో తేలెను. పురుగుమందు ఉంచిన డబ్బాలో నూనె పోసియుందురని అప్పుడు అధికారులు చెప్పిరి. ఒక డబ్బాను మరల వాడుట అంత ఘోరమునకు దారి తీయవచ్చును.

మరుసటి ఆదివారము అదే చోట నిలిచి, "తప్పు పిల్లవానిది కాదు, చూడకుండ పొగడిన నాది," అని చెప్పితిని. వానికి క్రొత్త మట్టికుండీ ఇచ్చితిమి. కాబట్టి సహోదరులారా, పొదుపునకు వివేకము తోడుండవలెను. పురుగుమందు డబ్బాలో మొక్క పెంచవద్దు, నీళ్లు త్రాగవద్దు, పశువుకు కుడితి పోయవద్దు. మందు కలుపునప్పుడే డబ్బాను మూడుసార్లు తొలిచి, ఆ నీటిని పిచికారి తొట్టిలోనే పోసి, ఎవరును మరల వాడకుండ డబ్బాకు తూట్లు పొడిచి, ఎక్కడ అప్పగింపవలెనో వ్యవసాయాధికారిని అడుగుడి. కాల్చవద్దు, కాలువలో వేయవద్దు. పాత సిమెంటు రేకులను పగులగొట్టి మళ్లకు అంచు కట్టవద్దు. వాటిలో ఆస్‌బెస్టాస్ నార ఉండవచ్చును, దాని దుమ్ము ఊపిరితిత్తులను చెరుపును. పాత టైర్లలో వాననీరు నిలిచిన డెంగీ దోమ పెరుగును. పాత బ్యాటరీ పెట్టెలో సీసపు విషము కలదు. తిరిగి రావలసినవి కలవు, తిరిగి రాకూడనివియు కలవు. రెంటిని వేరుచేయుట ప్రేమయొక్క పని, ఎందుకనగా తినబోవువాడు మన పొరుగువాడు.

చివరగా ఒక ఆక్షేపణ. "ఇదంతా పిసినారితనం కాదా అయ్యగారూ?" అని ఒక పెద్ద అడిగెను. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఏదియు పోనీయకూడదను బుద్ధి నెమ్మదిగా ఏదియు ఇయ్యకూడదను బుద్ధిగా మారవచ్చును. ప్రభువు ముక్కలను ఏరించెను, నిజమే. కాని లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయము పొలము యజమానుని మూలమూలలు కోయవద్దనియు, రాలిన పరిగెను బీదలకు, పరదేశులకు విడువవలెననియు ఆజ్ఞాపించుచున్నది. ఒకచోట అన్నియు ఏరుమని, మరియొకచోట అన్నియు ఏరవద్దని. ఇవి రెండును ఒకదానికొకటి విరోధములా? కావు. పాడైపోవుదానిని ఏరుము, మరియొకనికి అందుదానిని విడువుము. నీ పొదుపు ఎవరి గంపలోనికి పోవుచున్నదను దానినిబట్టి అది పొదుపో పిసినారితనమో తేలును.

మా తోట కాపునకు వచ్చినప్పుడు ఈ మాట పరీక్షకు వచ్చెను. బీరకాయలను ఆరాధన తరువాత వేలము వేసి, ఆ పైకమును స్లాబు అప్పునకు కట్టుదమని కొందరు కోరిరి. అప్పు నిజమైనదే. చాలసేపు వాదించుకొంటిమి. చివరకు మూడు మళ్ల కాపు వేలమునకు, పల్లె వైపునున్న రెండు మళ్లు ఎవరు కోసికొన్నను అడుగరాదని తీర్మానించితిమి. ఆ వైపున గోడ కట్టలేదు. ఎవరెంత కోసిరో లెక్క లేదు. ఒకరిద్దరు ఎక్కువ కోసికొనుచున్నారని ఫిర్యాదులు వచ్చుచున్నవి. రానిండు.

ప్రియులారా, ఈ వారము ఒక్క పని చేయుడి. మీ చేట పట్టుకొని గోడ యొద్దకు వెళ్లినప్పుడు, విసరక ముందు అవతలికి తొంగి చూడుడి. అక్కడ ఎవరి వాకిలి యున్నదో చూడుడి. చేటలో మట్టికి చేరవలసినది ఏది, మరియొకని చేతికి చేరవలసినది ఏది, ఎవరి చేతికిని చేరకూడనిది ఏది అని వేరుచేయుడి. పెరడు లేనివారు పగిలిన కుండలో ఒక బచ్చలి తీగ నాటుడి.

ఆ మామ్మ మొన్న ఆదివారము ఆరాధన అయిన తరువాత రెండు బచ్చలి కట్టలు తెచ్చి మా అరుగుమీద పెట్టెను. "మీ తోటలోవేనండి," అని నవ్వెను. ఈ వానకాలము ఆమె ఇంటిలోనికి నీళ్లు రాలేదని అడిగి తెలిసికొంటిని. ముందటి ఏడు అడుగవలసిన మాట అది.